సీసాలో సమ్రాన్

చీ నది ఒడ్డున ఉన్న బాన్ థావా అనే ఊళ్ళో అందరూ నమ్మే మాట ఒకటుంది: సమ్రాన్ పూర్తిగా చనిపోలేదు. ఊరివాళ్ళు చితిమీద పెట్టింది అతనిలో కొంత భాగాన్నే. తక్కిన భాగం పట్నంలో, విశ్వవిద్యాలయంలో, అతని తమ్ముడి సంరక్షణలో, ఒక సీసాలో బతికే ఉంది. ఆ సీసాలో గులాబీ రంగు నీళ్ళు పోస్తారు. వేళకు నీళ్ళు మార్చకపోతే సమ్రాన్ అలుగుతాడు. బతికున్నప్పుడు కూడా భోజనం ఆలస్యమైతే అలిగేవాడు గనుక ఈ చివరి వివరాన్ని ఎవరూ శంకించలేదు.

ఈ మాట ఎక్కడ పుట్టిందో ఆ తమ్ముడు ప్రయూన్‌కు తెలుసు. పుట్టించినవాడు అతనే.

ప్రయూన్ అణుజీవశాస్త్రవేత్త. మన ఒంట్లోని ప్రతి కణంలోనూ దాని మరణానికి కావలసిన సరంజామా పుట్టుకతోనే అమరి ఉంటుంది. ఇక తాను పనికిరానని తేలిన కణం తన లోపలి పోగుల్ని తానే కత్తిరించుకుని, తనను తాను చిన్న చిన్న మూటలుగా కట్టుకుని, ఇరుగుపొరుగుకు భారం కాకుండా తప్పుకుంటుంది. అలా తప్పుకోవడం మానేసిన కణమే క్యాన్సర్‌కు మొదలు. ఎందుకు మానేస్తుంది, మళ్ళీ ఎలా దారికి తేవాలి అన్నదే అతను ముప్ఫై ఏళ్ళుగా వెంట తిరుగుతున్న ప్రశ్న.

చీ నది పారే ఆ ఇసాన్ ప్రాంతంలో అది పుస్తకాల ప్రశ్న కాదు. నదిలో పట్టిన చేపను పచ్చిగానే సన్నగా తరిగి, నిమ్మరసం, మిరపపొడి, వేయించి దంచిన బియ్యం కలిపి జిగురన్నంతో తింటారు. కోయ్ ప్లా అనే ఆ వంటకం లేని పండగ పండగే కాదు. ఆ చేపలో కంటికి కనిపించని పురుగు పిత్తనాళంలో చేరి ఏళ్ళ తరబడి కాపురం ఉంటుంది. నాళం గోడ చిట్లడం, మానడం, మళ్ళీ చిట్లడం, చివరికి ఏదో ఒక కణం చావడం మానేయడం. ఈ సంగతి ప్రయూన్ ఊరు వచ్చినప్పుడల్లా చెప్పేవాడు. అన్న సమ్రాన్ పళ్ళెం ముందు కూర్చుని శ్రద్ధగా వినేవాడు. విని, "నిమ్మరసానికి సగం చస్తుందిరా నీ పురుగు. మిగతా సగం నా సారాకి తూలిపడుతుంది" అని ముద్ద నోట్లో పెట్టుకునేవాడు.

యాభై ఆరో ఏట సమ్రాన్ కళ్ళు పచ్చబడ్డాయి. కడుపు కోసిన వైద్యుడు తీయగలిగినంత తీసి, తీయలేనిది ఉంచి కుట్టేశాడు. తీసిన దాంట్లో ఒక ముక్క ప్రయోగశాలకు కావాలని ప్రయూన్ మంచం పక్కన నిలబడి మొహమాటంగా అడిగాడు.

"దానికి అడగడం ఎందుకురా?" అన్నాడు సమ్రాన్. "పనికొస్తే ఉంచుకో, రాకపోతే పిల్లికెయ్. పాపం, పిల్లికి మాత్రం ఉడకబెట్టి వెయ్."

ఆ ముక్క పనికొచ్చింది. సీసాలో కణాలు పెరిగాయి, రెండింతలయ్యాయి, మళ్ళీ రెండింతలయ్యాయి. సమ్రాన్ మాత్రం ఆ ఏడు చలికాలం దాటలేదు.

దహనం రోజున వదిన లమ్‌దువన్ ఏడవలేదు. కన్నీళ్ళు పోయేవాడి దారికి అడ్డం పడతాయని ఆ వైపు పట్టింపు. పొగ పైకి లేస్తుంటే ఎండిన కళ్ళతో చూస్తూ కూర్చుంది. ఆ చూపు భరించలేక ప్రయూన్ ఆమె పక్కన చతికిలబడి ఒక మాట అన్నాడు.

"వదినా, అన్నయ్య పూర్తిగా పోలేదు. ఆయన కణాలు నా దగ్గర పెరుగుతున్నాయి. మనమంతా పోయాక కూడా అవి ఉంటాయి."

దేవుణ్ణీ దయ్యాన్నీ నమ్మని మనిషి అన్న మాట గనుక ఊరు ఊరంతా దాన్ని నమ్మింది.

లమ్‌దువన్ మరీ గట్టిగా నమ్మింది. బూడిదలోంచి ఏరిన ఎముకలను కొబ్బరినీళ్ళతో కడిగి, తెల్లగుడ్డలో చుట్టి, కలశంలో పెట్టి, నూరో రోజు పుణ్యకార్యం అయ్యాక బౌద్ధ విహారం గోడలోని గూట్లో పెట్టి మూసేయడం ఆనవాయితీ. భార్యకూ తనకూ పక్కపక్కన రెండు గూళ్ళు సమ్రాన్ బతికుండగానే కట్టించుకున్నాడు. లమ్‌దువన్ కలశాన్ని గూటిదాకా తీసుకెళ్ళి వెనక్కి తెచ్చేసింది. "సగం మనిషిని గోడలో పెట్టి సిమెంటు పూయనా?" అంది. విహారం పెద్దగురువు వాదించలేదు. ఆ కలశం తొమ్మిదేళ్ళుగా ఇంట్లో టీవీ పక్కనే ఉంది. ఆదివారం మధ్యాహ్నం బాక్సింగ్ పోటీలు వచ్చే వేళకు ఆమె ఏ పనిలో ఉన్నా లేచి టీవీ పెట్టేది.

కొత్త సంవత్సరానికి పెద్దల మీద నీళ్ళు చల్లే సోంగ్‌క్రాన్ పండక్కి ఏటా చిన్న సీసాడు మల్లెనీళ్ళు మరిది చేతికిచ్చి, "ఆయన మీద చల్లు" అనేది. కణాల మీద మల్లెనీళ్ళు చల్లితే ఏమవుతుందో ప్రయూన్‌కు తెలుసు. అయినా ఆ సీసాను తీసుకెళ్ళి కణాలుంచే వెచ్చటి పెట్టె మీద పెట్టేవాడు. అంతకంటే వింత ఇంకొకటుంది. నీళ్ళు మార్చడానికి ఆ కణాలను బయటికి తీసినప్పుడల్లా అతను ఇసాన్ యాసలో, పెదవి కదిలీ కదలకుండా, "తిన్నావా అన్నయ్యా?" అనేవాడు. ఈ సంగతి అతని దగ్గర పరిశోధన చేస్తున్న నత్తయాకు తప్ప ఎవరికీ తెలియదు.

*

ఆ ఏడు ఎండలు ముదురుతున్న రోజుల్లో ప్రయూన్ ఊరికి వచ్చేసరికి లమ్‌దువన్ ఎప్పటిలాగే రోడ్డు పక్కన బొగ్గుల మీద కోళ్ళు కాలుస్తోంది. వెదురు బద్దల మధ్య బిగించిన కోడిని తిప్పుతూ బేరగాళ్ళతో మాటలకు దిగి ఉంది.

"ఏం ఆచార్యా, సమ్రాన్ ఎలా ఉన్నాడు? ఒళ్ళు చేశాడా?" అన్నాడు పొట్లం కోసం నిలబడ్డ పడవవాడు.

"చేయకేం!" అంది ప్రయూన్ బదులు లమ్‌దువన్. "నిన్నటికి నాలుగు సీసాలయ్యాడు. నువ్వే, తిన్నదంతా ఎక్కడికి పోతోందో, అలా ఎండిపోతున్నావు."

పడవవాడు నవ్వుకుంటూ వెళ్ళాడు. పొగ పక్కకు తిరిగింది. ఎండలో ఆమె ముఖం స్పష్టంగా కనిపించి ప్రయూన్ చేతిలోని జిగురన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"వదినా, నీ కళ్ళు..."

"తెలుసులే. అద్దం మా ఇంట్లోనూ ఉంది."

"ఆసుపత్రికి వెళ్ళావా?"

"వెళ్ళాను. పొట్ట మీద జిగురు రాసి, పెట్టె పెట్టి తిప్పి చూశారు. చూసినామె నాతో మాట్లాడకుండా గోడతో మాట్లాడింది. అప్పుడే అర్థమైంది." ఆమె కోడిని బోర్లా తిప్పింది. "మీ అన్న ఒక్కడే తిన్నాడా ఏంటి? చేప తరిగింది నేనే కదా. తరిగేవాళ్ళు రుచి చూడరా?"

ప్రయూన్ ముద్దను పక్కన పెట్టేశాడు.

"ఒకటడుగుతాను, సూటిగా చెప్పు. నువ్వు అక్కడ చేసే పనేంటి? ఆ కణాలు ఎలా చస్తాయో కనిపెట్టడం. అంతేనా?"

"అంతే."

"తొమ్మిదేళ్ళుగా మీ అన్నని చంపడం నేర్చుకుంటున్నావు. ఇంకా చేతకాలేదా ప్రొఫెసరు గారూ?"

అది ఎగతాళిగా మొదలై మధ్యలో గొంతు మారింది.

"చేతనైంది వదినా," అన్నాడు ప్రయూన్ మెల్లగా. "ఈ ఏడే. ఒక మందు దొరికింది. అది పోస్తే ఆ కణాలు బుద్ధిగా ముడుచుకుపోతున్నాయి. వేరే ఏ మందుకీ లొంగనివి."

"మరి పోసెయ్. అన్నిటికీ పోసెయ్."

"వదినా..."

"నేను పోతే నన్ను ఆ గూట్లో పెడతారు. పక్క గూడు ఖాళీ. సగం మొగుడు టీవీ దగ్గర, సగం మొగుడు నీ దగ్గర. అక్కడికెళ్ళి నేనెవర్ని వెతుక్కోవాలి? ఆయన్ని ముందు పోనీ. నేను వెనకాల వస్తాను. పెళ్ళినాడు కూడా ఆయన వెనకాలేగా నడిచాను."

అక్కడ అనేదేదీ లేదని, వెతికేవారూ దొరికేవారూ ఉండరని ప్రయూన్ నమ్మకం. ఆ నమ్మకం బొగ్గుల పొగలో, పచ్చబడ్డ ఆ కళ్ళ ముందు, చెప్పదగిన మాటగా తోచలేదు. నిజానికి అతన్ని ఆపింది నమ్మకం కూడా కాదు. ఆ కణాలన్నీ చచ్చిపోతే, పెట్టె తెరిచినప్పుడు తాను ఎవర్ని పలకరించాలి?

"వ్యాసం పత్రికకు పంపాను. అది అచ్చయ్యేదాకా ఆగు వదినా."

"నీ వ్యాసం ఆగుతుందేమో," అంది లమ్‌దువన్, గుడ్డతో చేయి తుడుచుకుంటూ. "ఈ పసుపు ఆగదు."

*

పత్రికవాళ్ళు వ్యాసం బాగుందన్నారు. అయితే ఈ కణాలు ఫలానా రోగివేనని రుజువు జతచేయమన్నారు. కొన్నేళ్ళుగా అది అందరికీ ఉన్న నియమమే. సమ్రాన్ దేహంనుంచి తీసిన ముక్కలో కొంత భాగం ఆసుపత్రిలో మైనంలో భద్రంగా ఉంది. దాన్నీ సీసాలోని కణాలనూ పక్కపక్కన పెట్టి పోల్చే పని నత్తయా చేసింది. చేసి, ఎవరితోనూ చెప్పకుండా మళ్ళీ మొదట్నుంచి చేసింది. ఆ తరవాత ప్రయూన్ గది తలుపు దగ్గర నిలబడింది.

"సార్, ఇవి ఆడమనిషివి."

"ఏవి?"

"మన కణాలు. వీటిలో వై క్రోమోజోము లేదు."

ప్రయూన్ నవ్వాడు. "ఆ మాట మా అన్నయ్య వినుంటే నిన్ను చీ నదిలో ముంచి తీసేవాడు. ముసలి కణాలు ఒక్కోసారి వై పోగొట్టుకుంటాయమ్మా. మిగతా జన్యు గుర్తులు చూడు."

"చూశాను సార్. ఒక్కటీ కలవలేదు. మైనంలో ఉన్నాయన వేరు, సీసాలో ఉన్నావిడ వేరు." నత్తయా లోపలికి వచ్చి కాగితం బల్ల మీద పెట్టింది. "ఆవిడెవరో కూడా తెలిసింది."

ఆ గుర్తులు ఎవరివో ఆ రంగంలో పనిచేసేవారందరికీ తెలుసు. ప్రయూన్ పుట్టకముందే, సముద్రాల అవతల, గర్భాశయ క్యాన్సర్‌తో చనిపోయిన ఒక స్త్రీ కణాలు అవి. ప్రపంచంలో దాదాపు ప్రతి ప్రయోగశాలలోనూ పెరుగుతాయి. ఎంత దూకుడుగా పెరుగుతాయంటే, వాటిని తాకిన పరికరం మరో సీసాను తాకితే చాలు, కొన్ని వారాల్లో ఆ సీసా వాటిదైపోతుంది. అందుకే ఒక రకం కణాలకు వాడిన నీళ్ళ సీసా మరో రకానికి వాడకూడదు, రెండు రకాలను ఒకేసారి బల్ల మీద పెట్టకూడదు. ఏటా కొత్తగా చేరే విద్యార్థులకు ప్రయూన్ చెప్పే మొదటి పాఠం ఇదే.

పాత నమూనాలు ద్రవ నత్రజనిలో ఉన్నాయి. అన్నిటికంటే పాతదాన్ని కరిగించి చూశారు. అందులోనూ ఆవిడే.

అప్పుడు ప్రయూన్‌కు మొదటి రోజులు గుర్తొచ్చాయి. అన్న ముక్కను సీసాలో వేసిన కొత్తలో కణాలు సరిగా అంటుకోలేదు. ఒక్కొక్కటే ముడుచుకుని, ఒంటినిండా బొబ్బలు పోసి, ముక్కలై నీళ్ళలో తేలాయి. ఆ దృశ్యానికి అర్థం అతనికి తెలిసినంతగా తెలిసినవారు ఆ దేశంలోనే కొద్దిమంది. ఇక లాభం లేదనుకున్నాడు కూడా. ఆ తరవాత ఒక పొద్దున సీసా అడుగున ఎక్కడో ఒక మూల నిగనిగలాడుతూ కణాల గుంపు కనిపించింది. ఆసుపత్రికి పరిగెత్తుకెళ్ళి, "అన్నయ్యా, పట్టింది!" అన్నాడు. "నేను మొండివాణ్ణిరా," అన్నాడు సమ్రాన్ సంతోషంగా.

ఎవరి చేయి పొరబడిందో చెప్పగలవారు లేరు. ఆ నెలల్లో ఆ బల్ల ముందు ఎక్కువగా కూర్చున్నది మాత్రం ప్రయూనే. ఆసుపత్రినుంచి వచ్చి, నిద్రలేని కళ్ళతో.

వ్యాసం వెనక్కి తీసుకున్నాడు. ఆ కణాలను అడిగి పట్టుకెళ్ళిన ప్రయోగశాలలన్నిటికీ సంగతి తెలియజేశాడు. పిత్తనాళపు క్యాన్సర్‌ను లొంగదీసిందనుకున్న మందు పిత్తనాళపు కణాన్ని ఎన్నడూ తాకనేలేదు. తొమ్మిదేళ్ళపాటు అతను 'నువ్వెందుకు చావవు?' అని అడిగింది వేరెవరినో.

లమ్‌దువన్ కోరిక అతని నోట విని ఉన్న నత్తయా ఒక్కటే అడిగింది. "వదినగారికి ఏం చెప్తారు సార్?" మళ్ళీ తనే అంది: "మందు పోసేశానని చెప్పండి. ఈ సీసాలు ఎలాగూ పారేస్తాం కదా. పెద్ద అబద్ధమేం కాదు. ఆవిడ హాయిగా ఉంటారు."

ఊరిదాకా బండి నడుపుతూ ప్రయూన్ ఆ మాట గురించే ఆలోచించాడు. అందులో తప్పేమీ కనిపించలేదు.

*

లమ్‌దువన్ బొగ్గుల పొయ్యి దగ్గర లేదు. స్తంభాల మీద లేపి కట్టిన ఇంటి కింద, నీడలో, వెదురు మంచం మీద పడుకుని ఉంది. అరచేతులు కూడా పచ్చబడ్డాయి. మరిదిని చూసి లేవబోయి మానుకుంది.

"చేశావా?"

జవాబు నాలుక మీద సిద్ధంగా ఉంది. ఒక్క మాట. చేశాను. ఆ ఒక్క మాటతో ఆమె ముఖం ఎలా విప్పారుతుందో కూడా అతనికి ముందే కనిపించింది. సరిగ్గా అలాగే ఒకసారి, చితి పొగ ముందు, విప్పారింది.

"చేయడానికేం లేదు వదినా," అన్నాడు. "ఆ సీసాలో ఉన్నది అన్నయ్య కాదు."

ఎలా కాదో, ఎలా తెలిసిందో, చిన్న చిన్న మాటల్లో చెప్పాడు. ఆమె కళ్ళు మూసుకుని విన్నది. నిద్రపోయిందేమో అనుకున్నాడు.

"ఆడదా?" అంది చివరికి.

"అవును."

"మీ అన్న బతికుండగా ఇంకో ఆడది ఈ గుమ్మం తొక్కలేదు. నువ్వు తొమ్మిదేళ్ళు సాకావా?" నవ్వబోయింది, నవ్వు దగ్గుగా మారింది. "ప్రతి సోంగ్‌క్రాన్‌కీ మల్లెనీళ్ళు పంపాను. అవన్నీ ఆవిడకేనా?"

"ఆవిడకే."

"పోనీలే," అంది. "ఆవిడకి మాత్రం ఎవరు పంపారు గనక."

ప్రయూన్ మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు.

"మరి ఆయనవి, ఆయన కణాలు... ఎప్పుడు పోయాయి?"

"మొదట్లోనే. కొన్ని వారాల్లో."

"బాధపడ్డాయా?"

కణానికి బాధ ఉండదు, ఆ ప్రశ్నకే అర్థం లేదు అని తరగతిలో అయితే చెప్పేవాడు. "లేదు వదినా," అన్నాడు. "అవి అలా పోవడానికి ఒక పద్ధతుంది. ఇల్లు ఖాళీ చేసేవాళ్ళలా సామాన్లన్నీ సర్ది మూటలు కట్టుకుంటాయి. గొడవ ఉండదు."

"ఆ మూటలు?"

"ఒంట్లో ఉంటే పక్కనున్న కణాలు తీసుకుంటాయి. సీసాలో పక్కన ఎవరున్నారు? నీళ్ళలో తేలాయి. పాత నీళ్ళతోపాటు నేనే పారబోశాను. తెలియక."

ఆమె తల అటు తిప్పుకుంది. భుజం కదలడం చూశాక గాని అతనికి అర్థం కాలేదు. దహనం నాడు ఏడవని మనిషి, నూరో రోజు ఏడవని మనిషి, ఇప్పుడు ఏడుస్తోంది. అడ్డం పడడానికి ఆ దారిలో ఇక ఎవరూ లేరు.

"అయితే ఇన్నేళ్ళూ నేనెవరికోసం కాచుక్కూర్చున్నట్టు?" అంది. మళ్ళీ, కోపం లేకుండానే, "చేశాను అని ఒక్క మాట అంటే హాయిగా పోయేదాన్ని కదయ్యా," అంది.

"అలాంటి మాట ఒకటి ముందే అన్నాను వదినా. దాంతోనే ఇక్కడిదాకా వచ్చాం."

ఆమె చేయి చాచి అతని మణికట్టు పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

ఆ వారమే కలశాన్ని గూట్లో పెట్టారు. లమ్‌దువన్‌ను కుర్చీలో కూర్చోబెట్టి విహారానికి మోసుకెళ్ళారు. సిమెంటు పల్చగా కలిపాడని మేస్త్రీని తిట్టి మళ్ళీ కలిపించింది. పక్కనున్న ఖాళీ గూటికేసి ఒక్కసారే చూసింది.

వానలు వెనకబట్టేలోగా ఆ గూడూ నిండింది.

లమ్‌దువన్ దహనం నాడు ఊరివాళ్ళు ప్రయూన్ చుట్టూ చేరారు. అప్పటికే మాట మారింది. వదిన కోసం తమ్ముడు అన్నను విడిచిపెట్టాడని, సీసా మూత తీయగానే సమ్రాన్ ఆవిరిలా లేచి ఊరివైపు వచ్చాడని, లమ్‌దువన్ గుమ్మం దగ్గర అతన్ని కలుసుకుందని చెప్పుకుంటున్నారు. పడవవాడు కళ్ళు తుడుచుకుని, "పుణ్యం కట్టుకున్నావు ఆచార్యా," అన్నాడు. ప్రయూన్ అక్కడే నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాడు; అడిగినవారందరికీ మళ్ళీ మళ్ళీ చెప్పాడు. వాళ్ళు తలలూపారు. చేసిన మంచిని చెప్పుకోని మనిషని ఒకరితో ఒకరు అనుకున్నారు.

సీసాలో వేసిన సమ్రాన్ కణాలలో చివరిది, సమ్రాన్ ఇంకా ఆసుపత్రి మంచం మీద జిగురన్నం కావాలని అలుగుతుండగానే చనిపోయింది. అతని చితి వెలిగిననాటికి ఆ ప్రయోగశాలలో సమ్రాన్‌ది అన్నది ఏదీ బతికి లేదు.